పెట్టెకు చెప్పిన అబద్ధం

గేటు పక్క గది,
వాన వెలిసిన మధ్యాహ్నం

మహాఘనత వహించిన మేనకోడలికి,

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా: ఈ ఇంటి గేటు గడియ నేటి ఉదయం నుంచి కిర్రుమనుట మానినది. వరండాలోని ప్లాస్టిక్ కుర్చీకి నాలుగో కాలు తిరిగి ప్రసాదించబడినది. వంటగది కిటికీలో దూరి పాలు తాగుతున్న పిల్లికి ఈ ఆవరణలో సంచార హక్కు రద్దు చేయబడినది. పిల్లి ఈ ఉత్తర్వును ఇంకా చదవలేదు. ఇట్లు, గేటు కాపలా, గొట్టాల మరమ్మతు, బల్బుల మార్పిడి శాఖల మంత్రి, అనగా మీ మామ.

నవ్వావా? నవ్వకపోతే ఇది తీసుకెళ్ళి మా అక్కకి చదివి వినిపించు. మీ అమ్మకి నీకన్నా హాస్యం ఎక్కువ.

ఈ ఇంట్లో ఫోన్లు నిషేధమని నీకు తెలుసు. మొగుళ్ళ నుంచీ అన్నల నుంచీ పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే చోటు కదా, చిరునామా ఎక్కడా పొక్కకూడదు. అందుకే ఈ కాగితం, ఈ పెన్ను, ఊరవతల పోస్టు డబ్బా దాకా నా సైకిలు యాత్ర. ఆడవాళ్ళు బయట తమ వాళ్ళతో మాట్లాడాలంటే ఆఫీసు గదిలో ఉన్న కంప్యూటరు పెట్టె ఒక్కటే దారి. మాటల్ని గుట్టుగా చుట్టి పంపే నీ సి కోడ్ లైబ్రరీ ఉన్నది అందులోనే. పుస్తకాలు లేని లైబ్రరీ ఎలా ఉంటుందో వార్డెన్ గారికి వివరించేసరికి నాకు జుట్టు ఊడింది.

పాత పెట్టె చచ్చిపోయింది. ఎవరో దానం ఇచ్చిన ఇంకో పెట్టె వచ్చింది, అది మా తాతకి అన్నయ్యలా ఉంది. అయినా పనిచేస్తోంది. ఒక తమాషా చెప్తా విను. ఒక్కొక్కరి తాళానికి గుర్తుగా ఆ పెట్టె ఒక అంకెల వరస ఇస్తుంది కదా, వీళ్ళు దాన్ని చీటీ మీద రాసుకుని జాకెట్లో దాచుకుంటారు. మొన్న మా టైలరమ్మా, వంటామే చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒకటే వరస! ఒక్క అంకె తేడా లేదు. "మనిద్దరం పోయిన జన్మలో అక్కచెల్లెళ్ళమే" అని వంటామె తీర్మానించి, ఆరోజు టైలరమ్మకి రెండో గరిటె వడ్డించింది. నీ కోడ్‌కి ఇంత రసికత ఉందని నాకు తెలీదు.

నీ మామ.

——

మూడో అంతస్తు, నా బల్ల దగ్గర

మామయ్యకు,

ఇక్కడ చదవడం ఆపి వెళ్ళి ఆ పెట్టెకున్న నెట్ తీగ పీకెయ్యి. పీకాక వచ్చి మిగతాది చదువు.

పీకావా? నిజంగా?

ఇద్దరి గుర్తులు ఒకటి కావడం తమాషా కాదు. అది జరగకూడదు. తాళం చేసేటప్పుడు మా లైబ్రరీ, ఎవరూ ఊహించలేని అంకెలు కాసిని ఇమ్మని యంత్రాన్ని అడుగుతుంది. ఎలా అడగాలన్నది ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది. అందుకని కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడే, అంటే కంపైల్ చేసేటప్పుడే, తను ఎక్కడ ఉందో తేల్చుకోవాలి. మీ పెట్టె తను ఎవరో తప్పుగా తేల్చుకుంది. ఆ అంకెలు ఎక్కడో ఒకే చోటు నుంచి, ఒకే వరసలో వస్తున్నాయి. అంటే వాళ్ళ తాళాలు ఎవడైనా తయారు చేసుకోవచ్చు. వాళ్ళ మాటలు ఎవడైనా చదవొచ్చు. ఎక్కడున్నారో కూడా.

నాకు రెండు కావాలి. ఒకటి, ఆ పెట్టెలో కోడ్ ఎవరు ఎక్కించారు, ఏమని టైపు చేశారు. రెండు, వెనక పేజీలో ఒక లైను రాశాను. అది ఉన్నదున్నట్టు కొట్టు. నేను ఫలానా, నాది ఫలానా ప్రాసెసర్, ఫలానా సిస్టమ్ అని కంపైలర్ తన సంగతంతా చెప్పుకుంటుంది. అది చేత్తో రాసి కాగితం మీదే పంపు. ఫోనులో వద్దు, ఎవరి చేతా టైపు చేయించి పంపొద్దు.

అమ్మ నీ ఉత్తరం విని నవ్వింది. నేను నవ్వలేదు.

నీ కోడలు.

——

గేటు పక్క గది

కోడలు పిల్లా,

తీగ పీకాను. పీకిన దగ్గర్నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే ఆఫీసు గది ముందు వరసగా నిలబడేవాళ్ళు. ఇప్పుడూ వచ్చి నిలబడుతున్నారు, నల్లగా ఉన్న తెర చూసి వెళ్ళిపోతున్నారు. టైలరమ్మ కూతురు అమ్మమ్మ దగ్గర ఉంది. ఆ పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న కోర్టు తీర్పు వచ్చే నెల. ఏమైందో తెలిసే దారి లేక, ఆవిడ మిషను మీద కూర్చుని కుట్టిన దిండు గలీబులే విప్పి మళ్ళీ కుడుతోంది.

నువ్వడిగిన కాగితాలు ఇందులో ఉన్నాయి. నీ కంపైలర్‌కి తన గురించి చెప్పుకోవడం ఆపడం చేతకాదు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు బాబాయిలాగా. ప్రతి మాటకి ముందు రెండు గీతలు, వెనక రెండు గీతలు. చెయ్యి పడిపోయింది.

ఎవరు ఎక్కించారంటావా? గాలికి ఎక్కింది అనుకో. ఈ ఇంట్లో చాలా పనులు అలాగే అవుతాయి.

వార్డెన్ గారికి సగమే చెప్పాను. మిగతా సగం నువ్వు చెప్పు, నీ మాటకి డిగ్రీ ఉంది.

మామ.

——

మూడో అంతస్తు

మామయ్యకు,

ఈ ఉత్తరం వార్డెన్ గారికి చూపించు.

కాగితాలు చాలా శ్రద్ధగా రాసి ఉన్నాయి. ఆ చేతిరాత నీది కాదు, నీ రాత కోడి గీకినట్టుంటుంది. అది తర్వాత చూద్దాం.

దొరికింది. మీ పెట్టెలో ఉన్నది అరుదైన పాత సిస్టమ్. మా లైబ్రరీకి దాని పేరు తెలీదు. ఇందులో తప్పు మాదే. కంపైలర్ ఏది, ప్రాసెసర్ ఏది, సిస్టమ్ ఏది అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. మా వాళ్ళు మూడూ కలిపి ఒకే ప్రశ్నగా అడిగేశారు. లైబ్రరీ తనకి తెలిసిన పేర్లు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోతుంది, ఏదీ కుదరకపోతే ఆగిపోతుంది. మీ దగ్గరా ఆగిపోయే ఉంటుంది. కానీ ఎవరో కంపైల్ చేసేటప్పుడు పక్కన ఒక మాట చేర్చారు: "నువ్వు ఉన్నది సిస్టమే లేని ఉత్త బోర్డు మీద" అని. అది నమ్మేసింది.

ఉత్త బోర్డుకి అంకెలిచ్చే దిక్కు లేదు. ఆ బోర్డు తయారుచేసేవాళ్ళు తమ పద్ధతి తాము పెట్టుకుంటారని, అందాకా పరీక్షకి పనికొస్తుందని, ఆన్ చేసిన క్షణం నుంచి లెక్కపెట్టే చిన్న కోడ్ ముక్క ఒకటి అక్కడ ఉంది. పైన "తాత్కాలికం" అని రాసి ఉంది. అది రాసింది నేను. అందుకే పెట్టె ఆన్ చేయగానే ఎవరు కూర్చుంటే వాళ్ళకి అదే తాళం.

వార్డెన్ గారూ, ఈ పెట్టె వచ్చినప్పటి నుంచి మీ వాళ్ళు పంపిన ప్రతి మాటా బయటివాళ్ళు చదివేశారనే అనుకోండి. చదివినవాడు చదివానని చెప్పడు కాబట్టి, చదవలేదని తేల్చుకునే మార్గం నా దగ్గర లేదు. ఇల్లు మారండి. ఆలోచించకండి, మారండి.

మామయ్యా, పెట్టెకి ఆ అబద్ధం ఎవరు చెప్పారు?

నీ కోడలు.

——

కొత్త ఇల్లు, మెట్ల కింద

కోడలా,

మారాం. లాండ్రీ వ్యాన్లో, దుప్పట్ల మూటల మధ్య మూటల్లాగా. కుట్టుమిషను నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పిల్లి రానంది.

నవ్వించే సంగతులు ఇంతటితో అయిపోయాయి. మారిన తర్వాత పాత వీధికి మిగిలిన సామాను కోసం వెళ్ళాను. ఎదురు ఇస్త్రీ బండాయన నన్ను పక్కకి పిలిచాడు.

"మీరు వెళ్ళిపోయాక ఎవరో ఒకాయన వచ్చి నిలబడ్డాడండి ఇక్కడ. మంచి బట్టలే. ఈ ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉండాలే అని అడిగాడు."

"నువ్వేమన్నావ్?"

"నాకు ఇస్త్రీ తప్ప ఏం తెలీదన్నాను. మర్నాడు కూడా వచ్చాడండి."

పెట్టెలో మాటల వల్ల వచ్చాడా, ఇంకెలాగైనా పసిగట్టాడా, నాకు తెలీదు. నీకూ తెలీదు. వార్డెన్ గారికి చెప్పాను. ఆవిడ అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. గొంతు పెంచలేదు. "పెట్టెకి ఆ మాట ఎవరు చెప్పారో నాకు తెలియాలి. ఈ ఇంటిని బయటపెట్టినవాళ్ళు ఈ ఇంట్లో ఉండటానికి లేదు. చేరిన రోజే అందరూ సంతకం పెట్టారు" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. నేనే. పెట్టె మొండికేస్తే, ఏమంటుందో చూద్దామని తమాషాకి నువ్వు ఉత్త బోర్డువి అన్నాను. నమ్మింది. నీ మామ సంగతి నీకు తెలుసుగా, మీ నాన్న పెళ్ళి ఊరేగింపులో కారుకి 'అమ్మబడును' అని బోర్డు తగిలించినవాణ్ణి.

ఈ వారం దాకా మెట్ల కింద పడుకోనిస్తారు. తర్వాత వేరే చోటు చూసుకోవాలి.

మామ.

——

మూడో అంతస్తు

మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది.

మీకు తెలియజేయవలసినవి రాస్తున్నాను. మార్పు పని మొదలుపెట్టాను. మా సీనియర్‌కి నచ్చలేదు. "పేరు తెలీనిచోట మధ్యలో ఆపేస్తే వేలమంది గోల పెడతారు. ఏదో ఒకటి ఊహించి ముందుకు పోనీ" అన్నాడు. "ఆగిపోతే గోల పెడతారు సార్. ఊహించి ముందుకు పోతే ఎవరూ ఏమీ అనరు, వాళ్ళకి తెలీదు కాబట్టి" అన్నాను. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ మనిషి సంగతి చెప్పాను. ఆయన కానివ్వమన్నాడు.

లోపం గురించి అందరికీ తెలిసేలా నివేదిక పెట్టాను. కారణం దగ్గర ఇలా రాశాను: "ఆ స్థలంలో పనిచేసే సిబ్బందిలో ఒకరు, తగిన చదువు లేకుండా, తమాషా కోసం తప్పుడు సిస్టమ్ పేరు ఇచ్చారు." ఇందులో మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

చిన్నప్పుడు నా చెప్పుల్లో కప్పని పెట్టారు. ఏడ్చాను, తర్వాత నవ్వాను. ఇది అలాంటిది కాదు. ఆ వీధిలో నిలబడ్డవాడికి ఆమె ఒకవేళ కనిపించి ఉంటే మీరు ఏ మొహం పెట్టుకుని ఉత్తరం రాసేవారో నాకు తెలియదు.

అమ్మకి చెప్పలేదు. మీరే చెప్పుకోండి.

ఇట్లు,
మీ మేనకోడలు.

——

సైకిలు షాపు మీది గది

కోడలమ్మా,

'మీరు' అని రాశావు. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను 'మీరు' అనడం ఇదే మొదలు. బాగుంది. పెద్దవాణ్ణయ్యాను.

నివేదికలో రాసింది బాగానే ఉంది. తగిన చదువు లేదన్నది అక్షరాలా నిజం.

ఇక్కడ గది బాగుంది. కింద ట్యూబులకి గాలి కొడుతూ ఉంటారు, పైన నేను పంక్చర్లు వేస్తాను, వాళ్ళకి తీరిక లేనప్పుడు. కొత్త ఇంటికి వెళ్ళే హక్కు లేదు. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఎలా ఉన్నారో అడిగే హక్కూ లేదు. అది న్యాయమే.

నీ పని ఆపకు. వాళ్ళకి ఇంకా పెట్టె లేదు. కోర్టు రోజు దగ్గరపడుతోంది. ఒక తల్లి తన పిల్లకి "వస్తున్నా" అని ఒక్క ముక్క పంపాలి. అది చదవాల్సింది ఆ పిల్ల ఒక్కతే.

మామ.

——

మూడో అంతస్తు, పొద్దున్నే

మామయ్యా,

ముందు ఒక మంచి మాట. పని అయింది. మూడు ప్రశ్నలూ విడదీశాం. మీ పాత సిస్టమ్ పేరు ఇప్పుడు లైబ్రరీకి తెలుసు, దానికి అంకెలు ఎలా అడగాలో కూడా తెలుసు. ఎవరైనా బయటి నుంచి "నువ్వు ఫలానా" అంటే, కంపైలర్ తన గురించి చెప్పేదానితో సరిపోల్చి, పొసగకపోతే ఆగిపోతుంది. "తాత్కాలికం" అని నేను రాసిన ముక్క తీసిపారేశాను. ఉత్త బోర్డువాళ్ళు తమ సొంత పద్ధతి ఇవ్వకపోతే ప్రోగ్రామ్ తయారే కాదు. వార్డెన్ గారి దగ్గర కొత్తది ఎక్కించాం, అందరికీ కొత్త తాళాలు. టైలరమ్మ ఆరోజే తన కూతురికి రాసింది. ఏం రాసిందో నాకు తెలీదు. తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

ఇప్పుడు ఇంకోటి. పాత డిస్క్ వార్డెన్ గారు నాకు పంపారు. ఏమేం టైపు చేశారో ఆ వరసంతా అందులో ఉంది. మొదట మామూలుగా కంపైల్ చేశారు, ఆగిపోయింది. ఆగిపోతూ మా లైబ్రరీ తెరమీద ఏం చెప్పిందో తెలుసా? "సిస్టమ్ ఏదో తెలియలేదు. కింది పేర్లలో ఒకటి మీరే ఇవ్వండి." కింద పేర్ల పట్టీ. ఆ వాక్యం నాది. రాసినప్పుడు సాయం చేస్తున్నాననుకున్నాను. ఆ మనిషి పట్టీలో మొదటి పేరు ఇచ్చారు, కుదరలేదు. రెండోది, కుదరలేదు. అలా కిందికి పోతూ పోతూ చిట్టచివర ఉన్న 'ఉత్త బోర్డు' ఇస్తే ప్రోగ్రామ్ తయారైంది. తమాషా చేసే మనిషి అలా చెయ్యడు మామయ్యా. అవసరం ఉన్నవాళ్ళు చేస్తారు. తలుపు తెరుచుకోవాలని.

ఆ వాక్యం కూడా మార్చాను. ఇప్పుడు "ఆగండి. పేరు ఊహించి ఇవ్వకండి, మాకు రాయండి" అని ఉంటుంది.

ఇంకా ఉంది. ఆ ప్రోగ్రామ్ తయారైన తేదీ చూశాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయిన మర్నాడు. ఆరోజు నువ్వు ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన ఉన్నావు. నర్సు వస్తే అమ్మ నల్లకళ్ళద్దాలు నువ్వు పెట్టుకుని పడుకున్నావు, నర్సు నీ కంట్లో చుక్కలు వేసింది. నేను అక్కడే ఉన్నాను.

నేను రాసిన ఉత్తరం గుర్తొస్తే అన్నం సయించట్లేదు. నివేదిక మార్చేస్తాను. కానీ ముందు చెప్పు. ఎవరు?

నీ కోడలు.

——

సైకిలు షాపు మీది గది

కోడలు పిల్లా,

అన్నం తిను. ఆ కంటి చుక్కలు మండుతాయని ముందే తెలిస్తే ఆ వేషం వేసేవాణ్ణి కాదు.

నివేదిక మార్చకు. ఎందుకో చెప్తాను. చదివాక ఈ కాగితం స్టవ్ మీద పెట్టు.

నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి పెట్టె పనిచేస్తోంది. టైలరమ్మ గేటు దాకా ఎదురొచ్చింది. "అన్నయ్యా, నేనే నడిపించాను! గోడకున్న కాగితం చూసి ఎక్కించాను, ఆగిపోతే అదే దారి చెప్పింది, ఒక్కొక్క పేరూ ఇచ్చుకుంటూ పోయాను" అంది. కూతురికి జ్వరమని అంతకుముందు వచ్చిన చివరి కబురు. ఎలా ఉందో తెలుసుకోవాలి, పాత పెట్టె చచ్చింది, కొత్తది ఇంకా నడవడం లేదు, సాయానికి మనిషి లేడు. చదువు పెళ్ళితో ఆగిపోయిన మనిషి, అయినా తెరమీద ఉన్నది కూడబలుక్కుని చదివింది. ఆరోజు ఆ మొహంలో ఉన్న వెలుగు ఇక్కడికొచ్చాక నేను చూడలేదు. భలే పని చేశావమ్మా అన్నాను. ఆ మాట అన్నది నేను.

నువ్వడిగిన కాగితాలు రాసిందీ ఆవిడే. రాస్తూ, "తప్పు నాదేనా అన్నయ్యా?" అని అడిగింది. అప్పటికి నీ రెండో ఉత్తరం రాలేదు. ఏమో అన్నాను.

హాల్లో వార్డెన్ గారు అడిగినప్పుడు ఆవిడ వెనక వరసలో ఉంది. లేవబోతోంది. లేస్తే ఏమవుతుంది? నిబంధన ప్రకారం బయటికి. బయట మంచి బట్టలు వేసుకున్నవాడు నిలబడి ఉన్నాడు. వార్డెన్ గారు చెడ్డమనిషి కాదు, కానీ ఒకరి కోసం నిబంధన వంచితే మిగతా అందరికీ తలమీది కప్పు ఊగుతుంది. అందుకని ఆవిడకన్నా ముందు నేను లేచాను. నేను ఏం టైపు చేశానో, ఎప్పుడు చేశానో వార్డెన్ గారు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నా మొహం చూస్తే చాలు, ఇలాంటి పని చేసినవాడిలాగే ఉంటాను. నువ్వూ వెయ్యలేదు. ఇది తప్పు పట్టడం కాదు. అలా నమ్మేలా ఇన్నేళ్ళూ బతికినవాణ్ణి నేనే.

నీ 'మీరు' వచ్చినరోజు మాత్రం పంక్చర్ వేస్తూ వేలు కోసుకున్నాను.

మొన్న వార్డెన్ గారు సైకిలు గాలికని వచ్చినట్టు వచ్చి, "టైలరమ్మకి పిల్ల దక్కింది, వేరే ఊళ్ళో పనిలో చేరింది" అని టైరుకి చెప్పి వెళ్ళారు. ఆవిడకి ఏమైనా అనుమానం ఉందో లేదో నాకు తెలీదు, అడగను. ఇక టైలరమ్మని ఎవరూ ఎక్కడి నుంచీ పంపెయ్యలేరు. అందుకే నీకు రాస్తున్నాను.

నివేదిక మారిస్తే, మరి ఎవరు అని అడుగుతారు. వద్దు. చదివేవాళ్ళకి పనికొచ్చేదంతా అందులో సరిగ్గానే ఉంది: పెట్టెకి ఏం చెప్పారు, అది ఏం నమ్మింది, నువ్వు ఏం మార్చావు. గేటు దగ్గరి మామ తమాషాకి చేశాడన్న ముక్క ఒక్కటే ఉత్త కల్పన. హాల్లో లేచి నిలబడేదాకా అది నాకూ తెలీదు. ఆ పెట్టె మీట నేను ఏనాడూ నొక్కలేదు.

మామ.